బహుమతి పక్కన నిలబడ్డ గుంట కూలెంత?

టీవీలో గేమ్ షో వస్తన్నప్పుడు ఈసారి ఓ సంగతి గమనించండి. ఆట ఆడినావిడ పేరు చెప్తారు, ఊరు చెప్తారు, మొగుడేం పని చేస్తాడో కూడా అడుగుతారు. ఫ్రిజ్ ఏ కంపెనీదో పదిసార్లు చెప్తారు. చీర ఏ షాపుదో కింద అక్షరాలు పరిగెడతాయి. ఆ ఫ్రిజ్ పక్కన నిలబడి, నవ్వుతా, చెయ్యి చాపి "ఇదిగో" అని చూపించిన గుంట పేరు మాత్రం ఎవులూ చెప్పరు.

ఇయ్యాల ఆ గుంట గురించే మాటాడదాం. రోజుకి ఎన్ని గంటలు ఆ హైహీల్స్ మీద నిలబడుద్ది? దానికి కూలెంత? ఒంట్లో బాగోకపోతే ఏటవుద్ది? పెళ్లయి కడుపొస్తే ఏటవుద్ది? ముప్పై ఐదేళ్లు దాటితే ఎక్కడికెళ్తాది?

ఇదంతా మనకెందుకు అనకండి. మన అనకాపల్లి, చోడవరం, నర్సీపట్నం, యలమంచిలి వైపు రీల్స్ చేసే పిల్లలు ఇప్పుడు ప్రతి ఊర్లో ఉన్నారు. రీలుకి నాలుగు లైకులు ఎక్కువొస్తే చాలు, "టీవీ షోకి ఆడిషన్ ఉంది, హైదరాబాద్ రాగలవా" అని ఫోన్లో మెసేజ్ పడుద్ది. ఇంట్లో చెప్తే రెండే మాటలు వినిపిస్తాయి. ఒకరు "పరువు పోద్ది, వద్దు" అంటారు. ఇంకొకరు "ఎల్లిపో, స్టార్ అయిపోతావు" అంటారు. అది కూడా ఒక పనేనని, పనంటే కూలి, గంటలు, కాగితం, భద్రత ఉండాలని చెప్పేవాళ్లు మాత్రం దొరకరు.

నానేటంటానంటే, బెల్లం మార్కెట్‌లో దిమ్మలు మోసే హమాలీని "నువ్వేం చేశావని కూలి అడుగుతున్నావు" అని ఎవులూ అనరు. ఆయన చెమట కనపడుద్ది. టీవీలో మోడల్ చెమట మేకప్ కింద ఉంటాది. కనపడదు కాబట్టి అది పనే కాదనుకుంటాం. ఆ ఒక్క పొరపాటు ఆసరాగానే ఈ వ్యాపారం అర్ధ శతాబ్దం నడిచింది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తాది

ముందు లెక్క చూద్దాం. గేమ్ షోకి పెద్ద సెట్టు, పేరున్న నటులు, కథ రాసేవాళ్లు అంతగా అక్కర్లేదు. బహుమతులు చాలావరకు స్పాన్సర్ ఇస్తాడు. స్పాన్సర్ ఊరికే ఇవ్వడు కదా! తన సరుకు లక్షల ఇళ్లలో అందంగా కనపడాలి. ఆ కనపడేలా చేసే పని మోడల్‌ది. అంటే షో మధ్యలో బ్రేక్ ఇచ్చి వేసే యాడ్ ఒకటి, షో లోపల బ్రేక్ లేకుండా నడిచే యాడ్ ఇంకొకటి. ఆ రెండోదాన్ని మోసేది ఆ గుంటే.

ఈ కొలువు బాగా ముదిరింది అమెరికాలో. అక్కడ 'ది ప్రైస్ ఈజ్ రైట్' అని ఒక షో ఉంది. 1972 నుంచి సీబీఎస్ చానల్లో ఇప్పటికీ వస్తంది. ఆట చాలా సులువు. సరుకు చూపిస్తారు, ధర ఎంతో చెప్పాలి. మన సంతలో బేరం ఆడినట్టే. 1972 నుంచి 2007 దాకా, 35 ఏళ్లు, బాబ్ బార్కర్ అనే ఆయన నడిపాడు. సరుకు చూపించే మోడళ్లని జనం 'బార్కర్స్ బ్యూటీస్' అని పిలిచేవారు, అంటే బార్కర్ గారి అందగత్తెలు. ఆ పేరులోనే ఉంది కథంతా. వాళ్లకి సొంత పేర్లు లేనట్టు, ఆయన కొట్లో సరుకు అన్నట్టు.

వాళ్లలో ముగ్గురి కథలు చెప్తాను.

జానిస్ పెన్నింగ్టన్ 1972లో షో మొదలైనప్పటి నుంచి ఉన్న మనిషి. 1988లో షూటింగ్ నడుస్తుండగా కదిలే కెమెరా ఒకటి వచ్చి ఆవిడిని గుద్దింది. స్టేజీ మీద నుంచి కింద పడి స్పృహ తప్పింది. భుజానికి ఆపరేషన్లు చేశారు. మచ్చలు మిగిలాయి, ఒక భుజం రెండోదాని కన్నా అంగుళం పొట్టయింది. ఆ తర్వాత కూడా పన్నెండేళ్లు అదే స్టేజీ మీద నవ్వుతా నిలబడింది. 2000లో ఇక అక్కర్లేదన్నారు. ఫ్యాక్టరీలో మెషీన్ తగిలితే దాన్ని పని ప్రమాదం అంటాం. స్టూడియోలో కెమెరా తగిలినా అది పని ప్రమాదమే.

హాలీ హాల్‌స్ట్రమ్ రెండో మనిషి. దగ్గర దగ్గర ఇరవై ఏళ్లు పనిచేసింది. 1995లో ఉద్యోగం పోయింది. డాక్టరు ఇచ్చిన మందుల వల్ల ఒళ్లు వచ్చిందని, అందుకే తీసేశారని ఆవిడ చెప్పింది. షో వాళ్లు కాదన్నారు. బార్కర్ ఆవిడి మీద పరువునష్టం కేసు వేశాడు, ఆవిడ తిరిగి కేసు వేసింది. ఇల్లు అమ్ముకోవాల్సి వచ్చింది. పదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగి చివరికి 2005లో రాజీ డబ్బు అందుకుంది. పదేళ్లు పోరాడే ఓపిక ఎంతమందికి ఉంటాది?

మూడో మనిషి బ్రాండీ కాక్రన్. ఈవిడి గొడవ కడుపు గురించి. 2008లో కవలలతో గర్భవతి అయ్యింది. ఒక బిడ్డ దక్కలేదు, రెండో బిడ్డ నెలలు నిండకుండా పుట్టింది. తేరుకుని తిరిగి పనికొస్తానంటే తీసుకోలేదు. గర్భం వచ్చినందుకే ఒగ్గేశారని కోర్టుకెళ్లింది. 2012లో జ్యూరీ ఆవిడి పక్షాన నిలిచింది. నష్టపరిహారం కాకుండా శిక్ష కింద 77 లక్షల డాలర్లు కట్టమంది. మరుసటి ఏడాది జడ్జి ఆ తీర్పుని పక్కనపెట్టి మళ్లీ విచారణ అన్నాడు. చివరికి బయట రాజీ చేసుకున్నారు. షో వాళ్లు మొదటి నుంచి తప్పు ఒప్పుకోలేదు.

ఒకరిది ఒంటికి తగిలిన దెబ్బ, ఒకరిది ఒంటి బరువు, ఒకరిది కడుపులో బిడ్డ. ముగ్గురి కథా ఒంటి దగ్గరే ఆగింది. అందమే అర్హత అయిన పనిలో ఒంట్లో ఏ మార్పు వచ్చినా ఉద్యోగానికి ఎసరే. ఇంకో సంగతి, అదే షోలో పర్మనెంట్ మోడల్‌గా ఒక నల్లజాతి అమ్మాయి రావడానికి 1990 దాకా, అంటే 18 ఏళ్లు పట్టింది. ఆవిడి పేరు క్యాథ్లీన్ బ్రాడ్లీ. మగ మోడల్ రావడానికైతే 2012 దాకా ఆగాల్సి వచ్చింది.

అక్షరాలు తిప్పిన వానా వైట్

ఇప్పుడు ఎదురు ఉదాహరణ చూద్దాం. అమెరికాలోనే 'వీల్ ఆఫ్ ఫార్చ్యూన్' అనే షో ఉంది. చక్రం తిప్పి, బోర్డు మీద దాగున్న మాటలో అక్షరాలు ఊహించాలి. ఆ అక్షరాల పలకలు తిప్పే అమ్మాయి వానా వైట్. చిన్న ఊర్లో పెరిగి, సినిమా వేషాల కోసం లాస్ ఏంజెలెస్ వెళ్లి, 1982 డిసెంబర్‌లో ఈ షోలో చేరింది. నలభై ఏళ్లు దాటింది, ఇంకా అక్కడే ఉంది.

1997లో ఆ బోర్డు మార్చేశారు. పలకల చోట టీవీ తెరలు వచ్చాయి. అక్షరం తిప్పక్కర్లేదు, వేలితో ముట్టుకుంటే చాలు. నిజానికి ముట్టుకోకపోయినా కంప్యూటర్ వెలిగించగలదు. అంటే పని మెషీన్‌కి వెళ్లిపోయింది, మనిషి మిగిలింది. ఎందుకు? జనం చూసేది అక్షరాన్ని కాదు, ఆవిడిని. "ఏ పనీ చెయ్యకుండా నిలబడుద్ది" అని ఎక్కిరించే వాళ్లకి ఇంతకన్నా పెద్ద జవాబు లేదు. ఒకే రోజు ఆరు ఎపిసోడ్లు తీస్తారు. ప్రతిదానికీ కొత్త గౌను, కొత్త జుత్తు, అదే నవ్వు. ఇన్నేళ్లలో ఆవిడ కట్టిన గౌన్లు వేలల్లో ఉంటాయి. ఒక్కటీ ఆవిడిది కాదు. షూటింగ్ అయ్యాక తిరిగి ఇచ్చేయాల్సిందే.

2019లో హోస్ట్ ప్యాట్ సజాక్‌కి ఆపరేషన్ అయ్యింది. అప్పుడు వానా వైట్ మైక్ పట్టుకుని మూడు వారాల షో నడిపింది. నడపగలనని చూపించింది. 2024లో సజాక్ రిటైర్ అయ్యాడు. ఆ కుర్చీ ఆవిడికి వచ్చిందా? రాలేదు. బయట నుంచి రయన్ సీక్రెస్ట్‌ని తెచ్చి కూకోబెట్టారు. ఆవిడ మళ్లీ బోర్డు దగ్గరే. జీతం సంగతి కూడా 2023లో బయటికొచ్చింది. పద్దెనిమిదేళ్లుగా ఆవిడి జీతం పెంచలేదని, పక్కన నిలబడ్డ హోస్ట్ జీతంలో చిన్న వాటాయే ఆవిడికి వస్తందని అక్కడి పత్రికలు రాశాయి. లాయర్ని పెట్టుకుని గట్టిగా అడిగాక కొత్త ఒప్పందం రాయించుకుంది. కోట్లు సంపాదించే ఆవిడే అడిగితే గానీ పెంచలేదంటే, అడగలేని వాళ్ల సంగతి ఏటి?

వానా వైట్ దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. శామ్‌సంగ్ కంపెనీ ఒక యాడ్ వేసింది. అందులో ఆవిడి ఫోటో లేదు, పేరు లేదు. ఒక రోబోకి బంగారు రంగు విగ్గు పెట్టి, గౌను కట్టి, అక్షరాల బోర్డు పక్కన నిలబెట్టారు. అడగలేదు, డబ్బులివ్వలేదు. ఆవిడ కేసు వేసింది. 1992లో పై కోర్టు ఆవిడి వాదన వినాల్సిందేనంది. మొహం చూపించకపోయినా, చూసేవాడికి ఆవిడే గుర్తుకొస్తే ఆ గుర్తింపు ఆవిడి సొత్తేనని తేల్చింది. 1994లో జ్యూరీ 4 లక్షల 3 వేల డాలర్లు ఇప్పించింది.

ముప్పై ఏళ్ల కిందటి ఆ రోబో బొమ్మని చూసి నవ్వకండి. ఇప్పుడు ఏఐతో మీ మొహం, మీ గొంతు నిమిషంలో తయారవుతాయి. అందుకే 2025 సెప్టెంబర్‌లో మన నాగార్జున ఢిల్లీ హైకోర్టుకి వెళ్లి, తన పేరు, ఫోటో, గొంతు అనుమతి లేకుండా వాడకూడదని ఆర్డర్ తెచ్చుకున్నాడు. ఆయనకి లాయర్లున్నారు. నీకు ఉన్నది నువ్వు సంతకం పెట్టబోయే ఆ ఒక్క కాగితమే.

ఇరవై ఆరు పెట్టెలు

'డీల్ ఆర్ నో డీల్' అనే షో గురించి మీరు వినే ఉంటారు. 26 పెట్టెలు, 26 మంది అమ్మాయిలు, అందరూ ఒకే రకం గౌన్లలో. ఒక్కో పెట్టెలో ఒక్కో మొత్తం రాసి ఉంటాది. ఆటగాడు పెట్టె నంబర్ చెప్తాడు, అమ్మాయి తెరుస్తాది, నవ్వుతాది. మన దేశంలో 2005లో ఇదే ఆట 'డీల్ యా నో డీల్' పేరుతో సోనీలో వచ్చింది. మాధవన్ హోస్ట్.

అమెరికా షోలో 2006, 2007లో పెట్టె పట్టుకున్న ఒకమ్మాయి ఆ తర్వాత ఇంగ్లండ్ రాజుగారి కోడలయ్యింది. ఆవిడే మెగన్ మార్కెల్. 2022లో తన పాడ్‌కాస్ట్‌లో ఆ రోజుల గురించి చెప్పింది. షూటింగ్‌కి ముందు అమ్మాయిలంతా వరసగా వేరువేరు చోట్ల నిలబడాలట. ఒక చోట కనురెప్పలు అతికిస్తారు, ఒక చోట జుత్తు అతికిస్తారు, ఒక చోట లోపల ప్యాడ్లు పెడతారు. ఒంటి రంగు మార్చుకోడానికి వారం వారం కూపన్లు ఇచ్చేవారట. ఇల్లు గడవడానికి ఆ పని దొరికినందుకు కృతజ్ఞత ఉందని, కానీ తన బుర్రకి విలువ లేదనిపించి మానేశానని అంది.

అదే షోలో చేసిన క్లాడియా జోర్డన్ వెంటనే జవాబిచ్చింది. మాకు అలా అనిపించలేదు, ఆ షో వల్లే మాకు వేరే అవకాశాలు వచ్చాయి, మంచిగా చూసుకున్నారు అంది.

ఇద్దరిలో ఎవులు నిజం? ఇద్దరూ. ఒకే ఫ్యాక్టరీలో పనిచేసిన ఇద్దరు ఒకే మాట చెప్పాలని లేదు. మెగన్‌కి ముందో దారి కనపడింది, వదిలేసింది. క్లాడియాకి అదే మెట్టయ్యింది. మోడల్ పని చెడ్డదా మంచిదా అని తీర్పు చెప్పడం మన పని కాదు. ఆ మెట్టు మీద నిలబడ్డ మనిషికి పట్టుకోడానికి ఏవైనా ఉందా లేదా అన్నదే చూడాల.

మన టీవీలో ఎలాగ

మన తెలుగు చానళ్లలో పద్ధతి కాస్త వేరు. ఇక్కడ సరుకు చూపించే మోడల్, ఆట నడిపే హోస్ట్ చాలాసార్లు ఒకే మనిషి. ఆవిడినే యాంకర్ అంటాం. నవ్వాల, నవ్వించాల, ఆడించాల, స్పాన్సర్ పేరు తప్పులేకుండా చెప్పాల, చీర మడత చెదరకూడదు. నాలుగు ఉద్యోగాలకి ఒక జీతం.

సుమ కనకాలని చూడండి. కేరళ మనిషి. తెలుగు నేర్చుకుని, ఈటీవీలో 'స్టార్ మహిళ' ఏళ్ల తరబడి నడిపింది. మన అమ్మలు, పిన్నులు వంట దించి ఆ టైముకి టీవీ ముందు కూకునేవారు. అనసూయ ఎంబీఏ చదివింది, టీవీలో వార్తలు చదివింది, 2013లో 'జబర్దస్త్' మొదలైనప్పుడు యాంకర్ అయ్యింది. 2018లో 'రంగస్థలం'లో రంగమ్మత్త వేషం వచ్చాక జనం ఆవిడిలో నటిని చూశారు. 2022లో ఆ షో వదిలేసింది. మన విశాఖపట్నం అమ్మాయి రష్మి గౌతమ్ సినిమాల్లో చిన్న వేషాలు వేసి వేసి, ఆఖరికి 'జబర్దస్త్' యాంకర్‌గానే ఇంటింటికీ తెలిసింది. నిజామాబాద్ నుంచి వచ్చిన శ్రీముఖి 2019లో బిగ్ బాస్ మూడో సీజన్లో రెండో స్థానంలో నిలిచింది.

మగవాళ్లలో మన విశాఖ మనిషి కౌశల్ మండా ఉన్నాడు. మోడలింగ్ చేసుకుంటా, 1999లో 'రాజకుమారుడు' సినిమాలో కనపడి, సీరియళ్లు చేసుకుంటా వచ్చాడు. జనం ఆయన పేరు పట్టుకున్నది మాత్రం 2018లో, బిగ్ బాస్ రెండో సీజన్ గెలిచాక. అంటే దగ్గర దగ్గర ఇరవై ఏళ్ల పని ఒక వైపు, నూట పైన రోజుల షో ఒక వైపు. ఈ లైన్లో బేగి ఎదిగినట్టు కనపడే వాళ్ల వెనక ఇలాటి ఏళ్లు ఉంటాయి. అవి రీల్‌లో కనపడవు.

ఇక్కడ మన యాస సంగతి చెప్పకుండా ముందుకెళ్లలేను. మన ఉత్తరాంధ్ర మాటకి టీవీలో ఒక చోటు ఉంది. కామెడీ స్కిట్లో పనిమనిషి, అమాయకుడు, తాగుబోతు. అదే మాట యాంకర్ మైక్‌లో వస్తే "యాస సెట్ చేసుకోమ్మా" అంటారు. 2022లో 'జయమ్మ పంచాయితీ' సినిమాలో సుమ శ్రీకాకుళం పల్లెటూరి ఆడమనిషిగా చేసింది. ఆవిడ కష్టపడి నేర్చుకుంది, తప్పు పట్టను. కానీ బయట మనిషి మన యాస మాటాడితే నటన, మన గుంట మాటాడితే లోపం. ఈ తేడా ఏటి? జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ అరవై ఏళ్ల వయసులో, తన పల్లె మాటతో యూట్యూబ్‌లో పేరు తెచ్చుకుని, 2020లో బిగ్ బాస్ ఇంట్లోకి వెళ్లింది. ఆవిడ యాస సెట్ చేసుకోలేదు, రంగు మార్చుకోలేదు. జనం నెత్తిన పెట్టుకున్నారు. అంటే జనానికి ఇబ్బంది లేదు. ఇబ్బంది ఉన్నది ఆడిషన్ టేబుల్ వెనక కూకున్న వాళ్లకే.

పేరున్న వాళ్ల సంగతి ఇలా ఉంటే, పేరు లేని వాళ్లది ఇంకోలా ఉంటాది. బహుమతి డమ్మీ చెక్కు మోసుకొచ్చే అమ్మాయి, వెనకాల డ్యాన్స్ వేసే పిల్లలు, చప్పట్లు కొట్టడానికి కూకోబెట్టిన జనం. వీళ్లని తెచ్చేది కోఆర్డినేటర్. రోజు లెక్కన పేమెంట్. అందులో ఆయన కమీషన్ కోసుకుంటాడు. టీవీ పనిలో తొంభై రోజుల తర్వాత డబ్బులిచ్చే ఆచారం ఈ దేశంలో ఎప్పట్నుంచో ఉంది. ఈ మూడు నెలలు హైదరాబాద్‌లో హాస్టల్ అద్దె ఎవులు కడతారు? ఊర్లో నాన్న. అంటే ఆ షోకి పెట్టుబడి పెట్టినోళ్లలో మన చెరకు రైతు కూడా ఉన్నాడన్నమాట.

మూసిన ఫైలు

2018 ఏప్రిల్‌లో శ్రీరెడ్డి హైదరాబాద్ ఫిల్మ్ చాంబర్ ముందు బట్టలు విప్పి నిరసన చేసింది. అప్పుడు మనలో చాలామంది వీడియో ఫార్వర్డ్ చేసుకున్నారు, ఆవిడేం అడుగుతుందో వినలేదు. ఆడవాళ్ల సంఘాలు ఒగ్గకుండా పట్టుబడితే, 2019లో తెలంగాణ ప్రభుత్వం సినిమా రంగంలో లైంగిక వేధింపుల మీద కమిటీ వేసింది. టీవీ యాంకర్లలో మొదటి తరం మనిషి ఝాన్సీ అందులో సభ్యురాలు. 2022లో కమిటీ రిపోర్టు ఇచ్చింది. అది బీరువాలోకి వెళ్లింది. 2024 ఆగస్టులో కేరళ ప్రభుత్వం హేమ కమిటీ రిపోర్టు బయటపెట్టాక, ఇక్కడి రిపోర్టు కూడా బయటపెట్టండని సమంత అడగాల్సి వచ్చింది. మనోలు చెప్పుకున్న బాధ మనోల ముందు పెట్టడానికి ఇంత బెరుకెందుకు? ఆ రిపోర్టు అడగడం సినిమా వాళ్ల పనే కాదు, పిల్లల్ని ఆ ఊరికి పంపే మన పని కూడా.

చట్టం చేతిలో పెట్టుకుని వెళ్లండి

వెళ్లొద్దని నాను చెప్పను. వెళ్లండి, కూలోళ్లలా తెలివిగా వెళ్లండి. ఈ అయిదూ గుర్తుంచుకోండి.

ఒకటి, కాగితం. 2020లో పార్లమెంటు పాస్ చేసిన కార్మిక భద్రతా కోడ్‌లో 'ఆడియో విజువల్ వర్కర్' అనే మాట చేర్చారు. అందులో యాంకర్, డ్యాన్సర్, నటులు అందరూ వస్తారు. రియాలిటీ షోలు, టాక్ షోలు, యాడ్లు కూడా వస్తాయి. వీళ్లని రాతపూర్వక ఒప్పందం లేకుండా పెట్టుకోకూడదని ఆ కోడ్ చెప్తాది. అంతకు ముందు 1981 చట్టం సినిమా వాళ్లకే ఉండేది, టీవీ వాళ్లకి లేదు. జీతం ఒక పరిమితి లోపు ఉన్నవాళ్లకే ఇది వర్తిస్తాది. కొత్తగా వెళ్లే పిల్లలకి కావాల్సింది ఇదే.

రెండు, వేధింపు. 2013 చట్టం ప్రకారం పది మంది పనిచేసే ప్రతి చోటా ఇంటర్నల్ కమిటీ ఉండాల. రోజుకూలీ అయినా, కాంట్రాక్ట్ అయినా, ట్రైనింగ్‌లో ఉన్నా ఫిర్యాదు చెయ్యొచ్చు. షూటింగ్ స్పాట్, కంపెనీ ఎక్కించిన కారు, అన్నీ పనిచోటు కిందకే వస్తాయి. మూడు నెలల్లోపు రాసివ్వాల. సరైన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పెంచుతారు. చిన్న సంస్థ అయితే జిల్లాలో లోకల్ కమిటీ ఉంటాది, అక్కడ ఇవ్వొచ్చు.

మూడు, కడుపొస్తే. ప్రసూతి చట్టం 26 వారాల జీతంతో సెలవు ఇస్తాది, కానీ ఒకే యజమాని దగ్గర ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉండాల. ఎపిసోడ్ లెక్కన అక్కడో రోజు ఇక్కడో రోజు చేసే వాళ్లకి ఇది అందడం కష్టం. బ్రాండీ కాక్రన్ గొడవ అమెరికాలోనే కాదు, మన హైదరాబాద్‌లోనూ రావచ్చు. యూనియన్ లేకుండా ఈ చిక్కు తీరదు. హమాలీకి సంఘం ఉండి యాంకర్‌కి ఎందుకు ఉండకూడదు?

నాలుగు, మొహం మీది హక్కు. కాగితంలో "ఎప్పటికీ, అన్ని మాధ్యమాల్లో, ఏ రూపంలోనైనా వాడుకోవచ్చు" అని ఉంటే ఆగండి. అందులో ఏఐ కూడా దూరుద్ది. ఏ షోకి, ఎన్నేళ్లకి అని రాయించుకోండి. ఇంగ్లీషు అర్థం కాకపోతే సిగ్గుపడకండి. ఊర్లో తెలిసిన టీచర్‌కో, అనకాపల్లి కోర్టు దగ్గర లాయర్‌కో చూపించండి. ఇప్పటికిప్పుడు సంతకం పెట్టకపోతే అవకాశం పోద్దని తొందర పెడితే, ఆ తొందరే అనుమానించాల్సిన సంగతి.

ఐదు, ఎదురు డబ్బులు. పోర్ట్‌ఫోలియో ఫీజు, రిజిస్ట్రేషన్ ఫీజు, "డైరెక్టర్ గారికి డిపాజిట్" అని ఎవులు అడిగినా ఇవ్వకండి. పని ఇచ్చేవాడు కూలి ఇస్తాడు గానీ, కూలోడి దగ్గర డబ్బులు గుంజడు. ఫోన్లో మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత బేగి చేస్తే అంత మేలు.

ఆఖరి మాట, చూసే వాళ్లకి

మన కుర్రాళ్లకి కూడా ఓ మాట చెప్పాల. ఈ అమ్మాయిల ఫోటోల కింద కామెంట్లు చదివితే తల దించుకోవాల్సి వస్తాది. 2022లో అనసూయ ఫిర్యాదు చేస్తే, ఫోటోలు మార్ఫింగ్ చేసి పెడుతున్న ఒకాయన్ని సైబర్ క్రైమ్ పోలీసులు అరెస్టు చేశారు. ఎక్కడో సిటీ మనిషి కాదు, మన రాష్ట్రం వాడే. చీకట్లో కూకుని ఫోన్లో రాసేది ఎవులికీ తెలీదనుకోకండి, తెలుస్తాది. తెలియకపోయినా సరే, ఆవిడ పనికొచ్చింది, మన ఎగతాళికి కాదు.

మన ఇంట్లో చెల్లి రేపు ఆడిషన్‌కి వెళ్తానంటే తిట్టకండి, గాల్లోకి ఎత్తకండి. షో పేరేటి, కంపెనీ పేరేటి, రోజుకి ఎంత, ఎన్నాళ్లకి ఇస్తారు, రాత్రి షూటింగ్ అయితే ఇంటికి ఎవులు దింపుతారు, ఇంటర్నల్ కమిటీలో ఎవులున్నారు అని అడగండి. అడిగింది మొత్తం కాగితం మీద పెట్టమనండి. కాగితం ఇవ్వని వాడు కూలి కూడా ఇవ్వడు.